నీలం క్యాబినెట్లతో నేటి తరహా వంటగది: ముందు లైటు, ఆ తర్వాతే రంగు

షోరూమ్‌లో చూసి ముచ్చటపడిన నేవీ బ్లూ ఇంట్లో బిగించాక, రాత్రి లైటు వేయగానే నల్లగా కనిపిస్తుంది. నీలం కిచెన్ చేయించుకున్నవాళ్లకు తరచూ ఎదురయ్యే నిరాశ ఇది. రంగు తప్పు కాదు, లైటు తప్పు. పసుపు ఛాయ ఉండే 2700 కెల్విన్ (వెలుగు ఛాయను చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) బల్బు వెలుగులో నీలి కాంతి పాలు చాలా తక్కువ. తన మీద పడని కాంతిని షట్టరు (క్యాబినెట్ తలుపు) తిప్పి పంపలేదు కదా. అందుకే ముదురు నీలం నల్లబడుతుంది, లేత నీలం బూడిద రంగులోకి జారుతుంది, కాస్త ఆకుపచ్చ కలిసిన నీలమైతే పూర్తిగా ఆకుపచ్చగా తేలుతుంది. కాబట్టి రంగుల కార్డు తెరిచే ముందే లైట్ల సంగతి తేల్చుకోవాలి.

లైట్లు

వంటగదిలో అన్ని బల్బులూ ఒకే కెల్విన్‌లో ఉండాలి. 3500 నుంచి 4000 మధ్య ఉంటే నీలం నీలంగానే నిలుస్తుంది. ఇల్లంతా వెచ్చటి వెలుగే కావాలనుకుంటే 3000కి దిగవచ్చు, అంతకంటే కిందికి వద్దు. పెట్టె మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే) అంకె 90 లేదా అంతకంటే ఎక్కువ ఉందో లేదో చూడండి. 80 ఉన్నవి చవకగా దొరుకుతాయి కానీ, వాటి కింద రంగులు పేలవంగా కనిపిస్తాయి.

ముదురు నీలం వెలుగును మింగేస్తుంది. ఒక రంగు తన మీద పడిన కాంతిలో ఎంత శాతం తిప్పి పంపుతుందో చెప్పే అంకెను ఎల్ఆర్‌వీ అంటారు. తెల్ల గోడకు ఇది 80 పైనే ఉంటే, నేవీ రంగులకు చాలావరకు 10 లోపే. అంటే తెల్ల క్యాబినెట్లున్న గదికి సరిపోయిన లైట్లు ఇక్కడ చాలవు. పనిచేసే గట్టు మీద 500 లక్స్ వెలుగు పడేలా లెక్క వేసుకోండి.

సీలింగ్ లైట్లను గది మధ్యలో పెడితే మీ నీడ మీరు తరిగే పలక మీదే పడుతుంది. గోడ నుంచి 600–700 మి.మీ. దూరంలో, అంటే సుమారుగా గట్టు ముందు అంచుకు సరిగ్గా పైన, వాటిని వరుసగా పెట్టించండి. పై క్యాబినెట్ల కింద ఎల్ఈడీ స్ట్రిప్ తప్పనిసరి. దాన్ని క్యాబినెట్ వెనక మూల కాకుండా ముందు అంచు దగ్గర అమర్చాలి. పాలరంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టకపోతే మెరిసే గట్టు మీద చుక్కలు చుక్కలుగా ప్రతిబింబం కనిపిస్తుంది. మీటరుకు 120 ఎల్ఈడీలు, 12 వాట్లు ఉన్న స్ట్రిప్ సరిపోతుంది. 3 మీటర్ల స్ట్రిప్పుకు 36 వాట్లు అవుతాయి. స్ట్రిప్పుకు కరెంటు అందించే డ్రైవర్ పెట్టె మాత్రం కనీసం 20 శాతం అదనంగా, అంటే 45 వాట్లది తీసుకోండి. పూర్తి లోడు మీద నడిచే డ్రైవర్ వేడెక్కి త్వరగా పోతుంది. దాన్ని గాలి ఆడే చోట, చెయ్యి అందే చోట పెట్టించండి.

ఏ నీలం

నీలాలన్నీ ఒకటి కావు. బూడిద కలిసినవి ఒక రకం, నెమలి కంఠంలా ఆకుపచ్చ వైపు మొగ్గేవి ఇంకో రకం, వంకాయ రంగు వైపు మొగ్గేవి మరో రకం. కార్డు మీద పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ మొగ్గు తెలుస్తుంది. విడిగా చూస్తే అన్నీ నీలంగానే ఉంటాయి.

అగ్గిపెట్టెంత కార్డు చూసి రంగు ఖాయం చేయకండి. 600 × 600 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) ముక్కకు అదే రంగు, అదే ఫినిష్ రెండు కోట్లు వేయించి తెప్పించుకోండి. దాన్ని బల్ల మీద పరిచి చూడకూడదు. పరిస్తే పై లైటు నేరుగా పడి, ఉన్నదానికంటే లేతగా కనిపిస్తుంది. షట్టరు ఎలా నిలబడుతుందో అలాగే నిలబెట్టి, ఒకసారి గట్టు కింద, ఒకసారి పైన పట్టుకుని, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద చూడండి. పక్కనే గట్టు రాయి ముక్క, నేల టైలు ముక్క ఉండాలి. రాత్రి చూసినప్పుడు నలుపో నీలమో చెప్పలేకపోతే ఒక మెట్టు లేత రంగుకు రండి.

ఇంకో మాట. చిన్న ముక్కలో చక్కటి ఆకాశ నీలంగా ఉన్నది పదిహేను షట్టర్ల మీదికి వచ్చేసరికి గదంతా అరిచినట్టుంటుంది. చిన్న ముక్కలో కాస్త బూడిదగా, నీరసంగా తోచిన నీలమే పెద్ద విస్తీర్ణంలో హుందాగా నీలంగా నిలుస్తుంది. లేత, మధ్యస్థ నీలాల విషయంలో ఈ బూడిద మొగ్గునే ఎంచుకోమని మా గట్టి సలహా.

నీలం ఎక్కడ, దాని పక్కన ఏమిటి

కింది క్యాబినెట్లు, ఒక పొడవాటి యూనిట్ నీలం. పైవి తెలుపు, లేత బూడిద లేదా చెక్క. చాలా గదులకు ఈ పంపకం చాలు. పైనా కిందా ముదురు నీలం వేస్తే కంటి ఎత్తులో ఉన్న వెలుగంతా పోతుంది. గది వెడల్పు 2.4 మీటర్లకు లోపుంటే అసలే వద్దు. రెండు పక్కల నుంచి పగటి వెలుగు వచ్చే పెద్ద గదిలో మాత్రం అంతా ఒకే నీలం వేసినా బాగుంటుంది.

గట్టుకు తెలుపు క్వార్ట్జ్ సులువైన ఎంపిక. కానీ దానిలోని గీతల రంగు గమనించండి: బూడిద కలిసిన నీలానికి చల్లటి బూడిద గీతలు నప్పుతాయి, ఆకుపచ్చ వైపు మొగ్గిన నీలానికి గోధుమ రంగు గీతలు. నేవీ మీద నల్ల గ్రానైట్ పెడితే రెండింటి మధ్య గీత కలిసిపోయి, మొత్తం ఒకే నల్ల దిమ్మలా కనిపిస్తుంది. క్వార్ట్జ్‌లో రెసిన్ ఉంటుంది కాబట్టి పొయ్యి మీది గిన్నెను నేరుగా దించితే మచ్చ పడుతుంది లేదా పగులుతుంది.

నేలకు చెక్క వేసేవాళ్లు జాగ్రత్త. రంగుల చక్రంలో నారింజకు ఎదురుగా ఉండేది నీలం. ఎర్రటి, నారింజ ఛాయ చెక్క పక్కన నీలం మరింత గాఢంగా, చెక్క మరింత ఎర్రగా కనిపిస్తాయి. లేత ఓక్ రంగు ఈ గొడవ పెట్టదు. హ్యాండిళ్లు, కుళాయి కలిపి రెండు లోహాలకు మించకూడదు. గీత గీతగా మసక పాలిష్ చేసిన ఇత్తడి నీలానికి బాగా అమరుతుంది.

ఫినిష్: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

ముదురు నీలం మ్యాట్ (మెరుపు లేని ఫినిష్) ఫొటోలో ఎంత బాగుంటుందో వాడకంలో అంత సతాయిస్తుంది. వేలిముద్రల్లోని జిడ్డు మ్యాట్ ఉపరితలంలోని సన్నటి గరుకును నింపేస్తుంది, అక్కడ మెరుపు మచ్చ తేలుతుంది. గట్టిగా రుద్దితే ఆ గరుకే అరిగి, మెరుపు శాశ్వతమవుతుంది. మరీ నున్నటి, అద్దంలా మెరిసే గ్లాసీ ఫినిష్‌లో వేలిముద్రలు తుడిస్తే పోతాయి కానీ, తుడిచిన ప్రతిసారీ పడే సన్నటి సుడిగీతలు ముదురు రంగు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెంటికీ మధ్యన, 20–30 శాతం మెరుపు ఉన్న శాటిన్ అన్నిటికంటే నిశ్చింత. మ్యాట్ తప్ప వేరేది వద్దనుకుంటే వేలిముద్రలు పట్టని రకం లామినేట్ తీసుకోండి. అలాంటప్పుడు తోస్తే తెరుచుకునే షట్టర్లు పెట్టించకండి. రోజూ తెరిచిన ప్రతిసారీ చెయ్యి పడేది అదే చోట.

లామినేట్ ఎంచుకుంటే 18 మి.మీ. ప్లైవుడ్ మీద ముందూ వెనకా ఒకే మందం వేయించాలి. ముందు 1 మి.మీ. వేసి వెనక పల్చటి లైనర్ వేస్తే రెండు వైపులా లాగుడు సమానంగా ఉండదు. పొడవాటి షట్టర్లు విల్లులా వంగుతాయి. లామినేట్ లోపలి పొర గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి అంచు దగ్గర సన్నటి గోధుమ గీత కనిపిస్తుంది. సరిగ్గా అదే నీలంలో 1 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్ (అంచుకు అతికించే పట్టీ) దొరుకుతుందో లేదో లామినేట్ కొనకముందే అడగండి.

అక్రిలిక్ షట్టర్లను ఆల్కహాల్, అమోనియా ఉన్న క్లీనర్లతో తుడిస్తే సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి. ఫాయిల్ అతికించిన షట్టర్లు ఓవెన్ పక్కన వేడికి జిగురు మెత్తబడి అంచుల దగ్గర లేస్తాయి. వెనక రంగు వేసిన గాజు షట్టర్లు ఇష్టపడేవాళ్లు ఇనుము తక్కువున్న గాజే అడగాలి. మామూలు గాజులోని ఆకుపచ్చ ఛాయ లేత నీలాన్ని సముద్రపు పచ్చగా మార్చేస్తుంది.

పెయింటు వేయించేటట్టయితే ఎండీఎఫ్ మీద రెండు భాగాలు కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింటు గట్టిది. అందులోనూ పసుపెక్కని అలిఫాటిక్ రకం అడగండి. నూనె ఆధారిత ఎనామిల్ కాలంతో పాటు పసుపెక్కుతుంది. పసుపు, నీలం కలిస్తే ఏమవుతుందో తెలిసిందే, లేత నీలం రెండేళ్లు తిరగకుండానే ఆకుపచ్చగా మారడం మొదలుపెట్టవచ్చు. ఎండీఎఫ్ అంచులు పెయింటును తాగేస్తాయి కాబట్టి అంచులకు ప్రైమర్ రెండు కోట్లు అదనం. లేకపోతే ముందు భాగం నున్నగా, అంచు గరుకుగా, వేరే రంగులా కనిపిస్తుంది.

సందుల్లో తెల్ల గీత

కార్పెంటర్‌కు ముందే చెప్పకపోతే జరిగే తప్పు ఇది. క్యాబినెట్ బాక్సు లోపల తెలుపే మంచిది, అడుగున ఏమున్నా కనిపిస్తుంది. కానీ షట్టర్ల మధ్య 3 మి.మీ. సందు ఉంటుంది. ఆ సందులోంచి బాక్సు ముందు అంచు తెల్లగా మెరిసి, ముదురు షట్టర్ల మధ్య సున్నం గీతల్లా కనిపిస్తుంది. బాక్సు ముందు అంచులకు మాత్రం నీలం ఎడ్జ్ బ్యాండ్ వేయించండి. బాక్సులు తయారయ్యాక దీన్ని సరిచేయడం చాలా కష్టం.

కొలతలు, బిగింపు

కింది బాక్సు 720 మి.మీ., దాని కింద ప్లింత్ (బాక్సుకూ నేలకూ మధ్య ఉండే పీఠం) 100–150, పైన గట్టు రాయి 20. మొత్తం 840–890 మి.మీ. వస్తుంది. వంట చేసేవారు నిలబడి మోచెయ్యి మడిచినప్పుడు మోచేతి ఎత్తు కంటే గట్టు 100–150 మి.మీ. కిందికి ఉండాలి. తేడాను ప్లింత్‌లో సర్దుకోండి. గట్టు లోతు 600, పై క్యాబినెట్ల లోతు 350, రెండింటి మధ్య ఎడం 500–600. ఎదురెదురు వరుసల మధ్య నడవడానికి కనీసం 1000, ఇద్దరు పనిచేస్తే 1200.

హ్యాండిల్ లేని తీరు కావాలంటే గట్టు కింద అల్యూమినియం ప్రొఫైల్ పెట్టే పద్ధతి మేలు. దాని కోసం బాక్సు పక్కలను పైన కోయాలి. పై సొరుగు ఎత్తులో సుమారు 60 మి.మీ. పోతుంది. ప్రొఫైల్ నలుపు తీసుకుంటే నేవీ పక్కన నీడలా కలిసిపోతుంది.

హింజెస్ సంఖ్య షట్టర్ ఎత్తును బట్టి: 900 మి.మీ. వరకు 2, 1600 వరకు 3, 2000 వరకు 4, 2400 వరకు 5. ఒకటి తగ్గించి బిగిస్తే షట్టరు వాలి, ఒక పక్క సందు 2, ఇంకో పక్క 5 అవుతుంది. లేత రంగు మీద కనబడని ఈ తేడా ముదురు నీలం మీద దూరం నుంచే తెలుస్తుంది. ప్లింత్ నీలం వద్దు, తడి గుడ్డ మరకలన్నీ దానిమీదే. అల్యూమినియం లేదా నలుపు పీవీసీ వేయండి.

పాత క్యాబినెట్లకే నీలం వేస్తే

షట్టర్లు విప్పి, ఏది ఎక్కడిదో హింజ్ గుంతలో అంకె రాసి టేపు అతికించండి. జిడ్డు తీసే ద్రావణంతో రెండుసార్లు కడిగి, మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ముందే సాండ్ పేపర్ పట్టిస్తే జిడ్డు చెక్కలోకి దిగి, ఆ చోట పెయింటు చేపకళ్లలా చెదురుతుంది. తర్వాత 180–220 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, గట్టిగా పట్టుకునే ప్రైమర్ వేయాలి.

ఆ ప్రైమర్ తెలుపు కాకుండా మధ్యస్థ బూడిద రంగులో కలిపించండి. ముదురు నీలం పెయింట్లలో తెల్ల పిగ్మెంటు దాదాపు ఉండదు, కప్పే శక్తి తక్కువ. తెల్ల ప్రైమర్ మీద నాలుగు కోట్లు పట్టేది బూడిద ప్రైమర్ మీద రెండు మూడింటితో అయిపోతుంది. కోటుకూ కోటుకూ మధ్య 320 కాగితంతో తేలిగ్గా రుద్దండి. 600 × 720 షట్టర్లు 12 ఉంటే రెండు వైపులా కలిపి సుమారు 10.4 చదరపు మీటర్లు. 3 కోట్లకు 31. లీటరుకు 10–12 చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి సుమారు 2.6–3.1 లీటర్లు. డబ్బాలన్నీ ఒకే బ్యాచ్‌వి కొని, పెద్ద బకెట్‌లో కలిపాకే మొదలుపెట్టండి. విడివిడి డబ్బాలతో వేస్తే పక్కపక్క షట్టర్ల మధ్య తేడా తెలిసిపోతుంది.

మరుసటి రోజుకు ఆరినట్టే ఉంటుంది, కానీ పూర్తిగా గట్టిపడటానికి 2–4 వారాలు పడుతుంది. ముదురు రంగుల్లో కలిపే రంగు ద్రవం ఎక్కువ కావడంతో ఇంకా ఆలస్యం. అందాకా షట్టరు మూసే చోట చిన్న రబ్బరు బొడిపెలు పెట్టండి, లేకపోతే బాక్సుకు అతుక్కుని రంగు ఊడొస్తుంది. తుడవడానికి మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. పీచు, మ్యాజిక్ స్పాంజి వద్దు. 250 మి.లీ. పెయింటు గాలి చొరబడని సీసాలో దాచి, రంగు కోడ్, బ్యాచ్ నంబరు సింకు కింద షట్టరు లోపలి వైపు రాసిపెట్టండి.