టైమ్‌షేర్ ఫీజు కార్డుతో కట్టే ముందు ఒక్క నిమిషం

అమెరికాలో టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు వాడుకునేలా రిసార్టులో కొనుక్కునే వాటా) ఉన్నవాళ్లు మెయింటెనెన్స్ బిల్లు కట్టేటప్పుడు ఇది చూసుకోండి. మాకు ఓర్లాండోలో ఒకటి ఉంది. ఈసారి బిల్లు 1,240 డాలర్లు. పాయింట్లు వస్తాయి కదా అని ఎప్పటిలాగే క్రెడిట్ కార్డు నంబరు కొట్టాను. చివరి పేజీలో, 'పే' బటన్‌కి సరిగ్గా పైన, సన్నటి అక్షరాల్లో 3 శాతం సర్‌చార్జ్ అని ఉంది. అంటే 37 డాలర్ల 20 సెంట్లు. నా కార్డు ఇచ్చే క్యాష్‌బ్యాక్ 2 శాతం, 24 డాలర్ల 80 సెంట్లు. లాభం అనుకున్నది కాస్తా 12 డాలర్లకు పైగా నష్టం!

వెంటనే వెనక్కి వెళ్లి, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టే ఏసీహెచ్ ఎంచుకున్నాను. చెక్కు అడుగున ఉండే రౌటింగ్ నంబరు (మన బ్యాంకును గుర్తించే నంబరు), అకౌంట్ నంబరు ఇస్తే సరిపోయింది, పైన ఒక్క సెంటు పడలేదు. అంకెలు మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి. ఒక్కటి తప్పినా పేమెంట్ వెనక్కొచ్చి లేట్ ఫీజు టెన్షన్ మొదలవుతుంది.

అమెరికాలో డెబిట్ కార్డు మీద సర్‌చార్జ్ వేయడానికి వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనలు ఒప్పుకోవు. వేస్తే ఫోన్ చేసి గట్టిగా అడగండి. కొత్త కార్డు బోనస్ కోసం ఇంత ఖర్చు చూపించాలి అన్నప్పుడు మాత్రం లెక్క వేరు, ఆ 37 డాలర్లు పెట్టినా గిట్టుబాటు కావచ్చు.