కాపరి అలసిపోయినప్పుడు: చిన్న సంఘాల పాస్టర్లకు సమస్య - పరిష్కారం

నలభై కుటుంబాలు కూడా లేని పల్లె సంఘానికి ఇరవై ఆరేళ్లుగా కాపరిగా ఉన్నాను. అలసిపోయామని మనం తొందరగా ఒప్పుకోం. ఒప్పుకున్నా ముందు మన విశ్వాసాన్నే అనుమానించి, ఇంకో ఉపవాసం మొదలుపెడతాం. నేను చూసినంతలో అసలు లోపం చాలాసార్లు నిద్రలోనో, అప్పులోనో, ఒంటరితనంలోనో ఉంటుంది. అందుకే కింది వాటిని ఈ వరసలోనే చూసుకోండి. శరీరం సంగతి తేల్చుకోకుండా ఆత్మను నిందించుకోవద్దు.

సమస్య: శనివారం రాత్రి వాక్యం తెరిస్తే ఏమీ తోచదు

ప్రార్థనలో పెదవులు కదులుతాయి, మనసు కదలదు. బైబిలు ప్రసంగం కోసమే తెరుస్తున్నట్టు ఉంటుంది. చిన్న మాటకే కోపం వస్తుంది.

కారణం: మీ వారాన్ని ఒక కాగితం మీద రాసి చూడండి. ఆదివారం ఆరాధన, సాయంత్రం పక్క ఊళ్లో కూడిక, బుధవారం గృహ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ప్రార్థన. మధ్యలో ఆసుపత్రులు, సమాధి కార్యక్రమాలు, పెళ్లి మాటలు. అడుగుపెట్టిన ప్రతి ఇంట్లో తియ్యటి టీ, రాత్రి పదకొండింటికి అన్నం. నాలో అభిషేకం, అంటే దేవుని ఆత్మ బలం, తగ్గిపోయిందని నేను రెండేళ్లు కుమిలిపోయాను. రక్త పరీక్ష చేయిస్తే పరగడుపున చక్కెర 240 ఉంది.

పరిష్కారం: బదరీ వృక్షం కింద పడుకుని ఇక చాలు, ప్రాణం తీసుకోమన్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు. దూత తట్టి లేపాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, ఆయన మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. మీరూ ముందు చక్కెర, రక్తపోటు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. చక్కెర మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. చక్కెర ఒక్కసారిగా పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. మరణమో ప్రమాదమో అయితే తప్ప సోమవారం విశ్రాంతి అని సంఘంలో ప్రకటించండి. మొదట కొందరు నొచ్చుకుంటారు, మా దగ్గరా నొచ్చుకున్నారు. మూడో నెలకు సంఘ పెద్దలే గుమ్మంలో నిలబడి, "అయ్యగారు పడుకున్నారు, రేపు రండి" అని చెప్పసాగారు.

సమస్య: ఎన్నేళ్లు కష్టపడినా మందిరం నిండదు

కారణం: రెండు ఉన్నాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్లిపోతున్నారు. ఊరే పలచబడుతోంటే సంఘం ఎలా నిండుతుంది? రెండోది, చేతిలోని ఫోను. ఆదివారం ముప్పై ఐదుగురికి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చి ఇంటికొచ్చి, వేలమంది కూర్చున్న సభను తెర మీద చూస్తాం. అక్కడ మనసు కుంగుతుంది.

పరిష్కారం: ఆదివారం ఆ వీడియోలు చూడటం మానండి. తర్వాత మన నేల మీద జరిగిన ఒక సంగతి గుర్తుచేసుకోండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. ఆ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు చర్చ జరిగింది. 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు దానికి ఆ రోజుల్లోనే వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీ లైమన్ జ్యూయెట్‌తో సహా ప్రార్థించింది ఐదుగురు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కథను మనం ఆ సంఖ్యతో ముగిస్తుంటాం. అలా ముగిస్తే అలసిన కాపరి మీద ఇంకో బరువు పెట్టినట్టే. నన్ను పట్టి నిలిపింది డే గారి సంగతి. ఆరోగ్యం చెడి 1853లో ఆయన స్వదేశానికి వెళ్లిపోయారు. గుండ్లకమ్మ దృశ్యం చూడకుండానే 1871లో కన్నుమూశారు. ఆయన చేసిన పనిలో ఏం తక్కువైంది?

మీ సంఘంలో పెరిగి వెళ్లిపోయినవారి పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నా పుస్తకంలో నూట పదకొండు పేర్లున్నాయి. వాళ్లలో చాలామంది ఈ ఆదివారం ఏదో ఒక పట్టణంలో ఆరాధనలో కూర్చుంటారు.

సమస్య: కానుకల సంచి విప్పేటప్పుడు చెయ్యి వణుకుతుంది

నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు, చిల్లర. అందులోంచే మందిరం కరెంటు బిల్లు, పిల్లల ఫీజు. ఎవరు ఎంత వేశారో మనసు లెక్కపెడుతుంది, ఆ లెక్కపెట్టినందుకు మళ్లీ సిగ్గుతో చచ్చిపోతాం.

కారణం: ఇంటి జేబు, మందిరం జేబు ఒకటే కావడం. మందిరం పైకప్పు కోసం సొంత పేరు మీద వడ్డీకి తేవడం.

పరిష్కారం: డబ్బు ఇద్దరు పెద్దలు లెక్కపెట్టాలి, పుస్తకంలో సంతకం చేయాలి. కాపరికి ఇంత అని, తక్కువైనా సరే, నెలకు ఒక మొత్తం తేల్చాలి. మందిరం అప్పు మీ పేరు మీద తేవద్దు. సరిపోకపోతే పని చేయండి. కొరింథులో అపొస్తలుడైన పౌలు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. కుట్టుమిషనో, పాడి గేదో, ట్యూషనో సేవకు తలవంపు కాదు.

సమస్య: ఇంట్లో మాటలు తగ్గిపోయాయి

కారణం: అందరి కన్నీళ్లూ వినే మీకు ఇంట్లో వినే ఓపిక మిగలడం లేదు. అందరికీ పాస్టరు ఉన్నాడు, అమ్మగారికి, అంటే మీ భార్యకు, లేడు.

పరిష్కారం: ఆమె మాట్లాడేటప్పుడు ఫోను పక్క గదిలో పెట్టండి. ఇంటికి ఎవరిని భోజనానికి పిలవాలో ఆమెనే తేల్చనివ్వండి. 'పాస్టరు పిల్లలు' అన్న మాటతో పిల్లలను బెదిరించవద్దు.

సమస్య: ఎవరితోనూ చెప్పుకోలేను

కారణం: సంఘస్థులకు చెబితే నిలువునా కుంగిపోతారేమోనని భయం. పక్క ఊరి పాస్టరుకు చెబితే మన విశ్వాసులను లాక్కుంటాడేమోనని అనుమానం. ఈ అనుమానమే మనల్ని ఎక్కువగా తినేస్తోంది.

పరిష్కారం: యుద్ధం జరుగుతుండగా పైకెత్తిన మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నారు. ఒక్క పాస్టరును ఎంచుకోండి. నెలకోసారి కలిసి భోంచేయండి, ఒక ఆదివారం ఒకరి సంఘంలో ఒకరు ప్రసంగించండి. మొదటిసారి నేను అలా పక్క ఊరికి వెళ్లినప్పుడు, ఆయన నా సంఘంలో నాకంటే బాగా చెప్పారని మావాళ్లు అన్నారు. బాధపడతాననుకున్నాను. తేలికపడ్డాను.

ఇది అలసట దాటిపోయిందని తెలిసేదెలా?

రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేని మీదా ఆశ లేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు. చక్కెర మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు ఇదీ కాదు.

సంఘ పెద్దలు ఇది చదువుతుంటే

రోము చెరసాల నుంచి తిమోతికి రాసిన ఉత్తరంలో పౌలు త్రోయలో వదిలిన అంగీ తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. మీ కాపరి అలా అడగడు. ఈ సోమవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లండి, ప్రార్థన మాత్రం చేయించుకోవద్దు. కిరాణా కొట్లో బాకీ ఎంత ఉందో అమ్మగారిని అడిగి, తిరిగి వచ్చేటప్పుడు కట్టేసి రండి.