ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన డేటాను డిపాజిట్ చేయడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం స్కాలర్ల కోసం

ప్రాజెక్టుకు డబ్బు సర్కారుదైతే, సేకరించిన డేటా మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతే కుదరదు. డిపాజిట్ అంటే దాన్ని రిపాజిటరీ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టి, ఇతరులకు అందేలా చేయడం. మీరు ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో ఉన్నా, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడలోనో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలోనో ఉన్నా, ముందు చూడాల్సింది నిధులిచ్చిన సంస్థ ఏమడిగిందన్నదే. శాంక్షన్ లెటర్‌కు జతచేసిన షరతులు తీసి చదవండి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (నిధులు ఎలా ఖర్చయ్యాయో చెప్పే పత్రం) రాసే రోజు వచ్చేదాకా ఆ కాగితం జోలికెళ్లనివాళ్లే ఎక్కువ.

ఎక్కడ డిపాజిట్ చేయాలి?

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) నిధులైతే 2014 డిసెంబరు నాటి ఓపెన్ యాక్సెస్ విధానం, అంటే పరిశోధన ఫలితాలు అందరికీ ఉచితంగా అందాలన్న విధానం ఉంది. జర్నల్ పేపర్‌ను అంగీకరించిన రెండు వారాల్లోపు ఆ ప్రతిని రిపాజిటరీలో పెట్టాలి. అందరికీ తెరిచే ముందు కొంత గడువు కావాలని జర్నల్ అడిగితే, అది సైన్సుకు 6 నెలలు, సాంఘిక శాస్త్రాలకు 12 నెలలు మించకూడదన్నది అందులోని సూచన. ఇక డేటా సంగతి: జన్యు సీక్వెన్సులకు ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ఉంది. ఇంటింటి సర్వేల వంటి సామాజిక శాస్త్ర డేటాకు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) డేటా సర్వీస్. పీహెచ్‌డీ థీసిస్ ఎలాగూ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగకు వెళ్తుంది గానీ, థీసిస్ ఇచ్చేస్తే డేటా ఇచ్చినట్టు కాదు. ఫలానా చోటే పెట్టాలని షరతు లేకపోతే, ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో రిపాజిటరీలో ఉచితంగా పెట్టుకోవచ్చు.

పేరు తీసేస్తే సరిపోదు

అసలు పని ఇక్కడుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల మీద, ఊళ్లలో తాగే బోరు నీటి మీద సర్వే చేశారనుకోండి. పేరు, ఆధార్, ఫోన్ నంబర్ కాలమ్‌లు తీసేశారు. షీటులో మిగిలింది: కవిటి మండలంలో ఓ చిన్న ఊరు, వయసు 54, కొబ్బరి తోటలో కూలి, 2019 నుంచి డయాలసిస్. ఆ ఊళ్లో ఎవర్నడిగినా మనిషెవరో చెప్పేస్తారు. కాబట్టి వయసును 50–59 అని గుంపుగా చూపండి, ఊరి బదులు మండలం ఉంచండి. బోరు జీపీఎస్‌లో దశాంశం తర్వాత అయిదంకెలుంటే ఆ బోరు పక్కకే తీసుకెళ్తుంది. రెండంకెలకు తగ్గిస్తే కిలోమీటరు మేర మసకబారుతుంది. నీటి మీద పనిచేసేవాళ్లకు కచ్చితమైన స్థానం కావాలి, నిజమే. వాళ్ల కోసం రెండో ప్రతి తయారుచేసి, అడిగి అనుమతి పొందినవాళ్లకే ఇచ్చేలా పెట్టండి. ఫోన్‌లో తీసిన ఫొటోల్లోనూ జీపీఎస్ దాగి ఉంటుంది, మరవకండి. ఇంటర్వ్యూ ఆడియో అసలు పెట్టొద్దు, గొంతు గుర్తుపట్టేస్తారు. సర్వేలో ఇచ్చిన నంబరు ఏ పేరుదో చూపే షీటును డిపాజిట్ చేసే ఫోల్డర్‌లో కూడా ఉంచొద్దు.

ఇంతకంటే ముందే తేలాల్సింది సమ్మతి పత్రం. అందులో ‘ఈ వివరాలు ఎవరికీ ఇవ్వము’ అని రాసి సంతకాలు చేయించుకుని ఉంటే, మీ అంతట మీరు బయటపెట్టడం కుదరదు. మళ్లీ సర్వేకు అనుమతిచ్చిన ఎథిక్స్ కమిటీ దగ్గరకే వెళ్లాలి. ఇంకా సర్వే మొదలుపెట్టనివాళ్లు ఈ వాక్యం చేర్చుకుని కమిటీకి పంపండి: ‘నా పేరు, చిరునామా తీసేశాక ఈ వివరాలను వేరే పరిశోధకులు కూడా వాడుకోవచ్చు. ఒప్పుకుంటున్నాను / ఒప్పుకోను.’ చదువురానివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ‘ఒప్పుకోను’ అన్నవాళ్ల వరుసలు డిపాజిట్ ప్రతిలో ఉండకూడదు.

ఫైళ్లు

తెలుగు ఊళ్ల పేర్లున్న ఎక్సెల్ షీటును మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్షరాలు పోయి ప్రశ్నార్థకాలు మిగులుతాయి. సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి. ప్రతి కాలమ్ ఏమిటో, ఏ కొలతలో ఉందో, 99 అంటే వయసా, జవాబు చెప్పలేదనా, కోడ్‌బుక్ అనే వేరే ఫైల్లో రాయండి.

మన వైపు డేటాకు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. సాలూరు, కురుపాం విజయనగరం నుంచి మన్యంలోకి పోయాయి. 2021 సర్వేలో ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంటే ఇప్పటి జిల్లా అనుకుని లెక్కలేసేవాళ్లు పొరబడతారు. పాత జిల్లాకొక కాలమ్, కొత్త జిల్లాకొక కాలమ్ పెట్టేయండి.

ఫారం నింపడం

ఇది సులువే. రిపాజిటరీలో ఖాతా తెరవండి, ఆర్కిడ్ నంబర్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఉంటే కలపండి. శీర్షిక, రచయితలు, సేకరించిన తేదీలు, నిధులిచ్చిన సంస్థ, ప్రాజెక్టు నంబరు శాంక్షన్ లెటర్‌లో ఉన్నట్టే రాయండి. లైసెన్సు అడిగినచోట షరతులు వేరే ఏమీ లేకుంటే సీసీ బై 4.0 చాలు: ఎవరైనా వాడుకోవచ్చు, మీ పేరు చెప్పాలి. పేపర్ ఇంకా రాకపోతే ఎంబార్గో తేదీ, అంటే డేటా ఎప్పటినుంచి అందరికీ తెరుచుకోవాలో ఆ తేదీ వేయండి. గైడ్, సహపరిశోధకులు ఒప్పుకున్నట్టు ఈమెయిల్ ఒకటి దాచుకోండి. రేపు రచయితల పేర్ల వరుస మీద పేచీ వస్తే అదే ఆదుకుంటుంది. పబ్లిష్ నొక్కాక తప్పు కనిపిస్తే కంగారొద్దు, దిద్దిన ఫైలును కొత్త వెర్షన్‌గా ఎక్కించవచ్చు. కానీ పాతదాన్ని అప్పటికే ఎవరో దింపుకుని ఉండొచ్చు. అందుకే సర్వేలోని మనుషుల పేర్ల కాలమ్ పోయిందో లేదో ఒక్కసారి మళ్లీ చూసుకుని నొక్కండి. మీ డేటాకు వచ్చిన శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐని తుది నివేదికలోనూ, పేపర్ చివర డేటా లభ్యత గురించి రాసే చోటా చేర్చండి.