చలికొండ ఎక్కే ముందు పొయ్యి సంగతి చూసుకోండి

డిసెంబరు వచ్చిందంటే విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ బళ్లు లంబసింగి, వనజంగి దారి పడతాయి. దుప్పట్లు, టెంటు, పవర్‌బ్యాంకు అన్నీ గుర్తుంటాయి. గ్యాస్ డబ్బాతో వెలిగే చిన్న పొయ్యి మాత్రం చివరి నిమిషంలో, ఏది చవగ్గా కనిపిస్తే అది కొనేస్తాం. నేనూ అలాగే కొన్నాను. వనజంగిలో తెల్లవారుజామున నలుగురం టీ కోసం దాని చుట్టూ మూగితే, మంట ఒకసారి నీలంగా లేచి కొడిగట్టిన దీపంలా అయిపోయింది. డబ్బా ఊపి చూస్తే లోపల గ్యాస్ గలగలమంటోంది. పొయ్యిని తిట్టుకుంటూ కిందికి దిగాం. ఎండెక్కాక అదే పొయ్యి బుస్సున వెలిగింది.

తప్పు పొయ్యిది కాదు, డబ్బాలో ఉన్న గ్యాస్‌ది. మామూలుగా దొరికే పొడుగు డబ్బాల్లో ఉండేది బ్యూటేన్. డబ్బాలో అది ద్రవంగా ఉండి, ఆవిరై పైకి వస్తేనే మండుతుంది. సున్నా డిగ్రీల దగ్గరకొచ్చేసరికి ఆ ఆవిరవడం ఆగిపోతుంది. లంబసింగిలో తెల్లవారుజామున ఐదు డిగ్రీల లోపుకి పడిపోవడం చూస్తూనే ఉన్నాం. పైగా గ్యాస్ ఆవిరయ్యేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది, అందుకే మొదట బాగా వెలిగి తర్వాత నీరసపడుతుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. కాబట్టి చలికాలానికి ఈ రెండూ కలిసిన డబ్బా కొనండి. ఇవి ఎక్కువగా పొట్టిగా, గుండ్రంగా, పైన మర ఉన్న డబ్బాల్లో వస్తాయి. అందుకని ముందు డబ్బా సంగతి తేల్చుకుని, దానికి సరిపోయే పొయ్యి తీసుకోవాలి. బ్యూటేనే చేతిలో ఉంటే, పొయ్యి నుంచి విప్పేసి మూత పెట్టి రాత్రి దుప్పట్లో ఉంచుకోండి. పొద్దున చల్లబడినా అరచేతుల్లో పెట్టుకుంటే చాలు. మరిగే నీళ్లలో ముంచడం, చలిమంట పక్కన పెట్టడం మాత్రం వద్దే వద్దు.

ఎందుకంటే అసలు ప్రమాదం వేడితోనే. ఈ డబ్బాల మీద యాభై డిగ్రీలు దాటనీయొద్దని రాసి ఉంటుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీ ఆ వేడికి సులువుగా చేరుకుంటుంది. పొడుగు డబ్బా పక్కన పడుకోబెట్టే పెట్టె పొయ్యి మీద పెద్ద మూకుడో వెడల్పాటి పెనమో పెడితే, దాని అంచు డబ్బా గది మీదికి వచ్చి వేడిని కిందికి కొడుతుంది. రెండు పొయ్యిలు పక్కపక్కన పెట్టి ఒకే పెనం వేయడం ఇంకా ఘోరం. గాలి కొడుతోందని డబ్బా మీద బిగించిన చిన్న పొయ్యి చుట్టూ రేకు కట్టేవాళ్లనీ చూశాను. వేడి డబ్బా దగ్గరే ఆగిపోతుంది కదా! చేయి పెట్టి చూడండి, డబ్బా వెచ్చగా తగిలితే ఆపేయాల్సిందే. నన్నడిగితే నలుగురైదుగురు వెళ్లే ట్రిప్పుకి గొట్టంతో డబ్బా దూరంగా ఉండే మూడుకాళ్ల పొయ్యి మేలు. కింద వెడల్పుగా ఉంటుంది, గిన్నె ఒరగదు, బర్నర్ చుట్టూ రేకు పెట్టినా డబ్బాకి వేడి తగలదు. బైక్ మీద ఒక్కరే వెళ్తుంటే డబ్బా మీద బిగించేది చాలు, కానీ దాని మీద లీటరు గిన్నెకి మించి పెట్టొద్దు.

టెంటు లోపల, కారు లోపల వెలిగించొద్దు. చలి కాచుకోవడానికైనా సరే. మూసిన చోట మండే పొయ్యి నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసేలోపే ప్రాణం పోతుంది.

ఇంటి సిలిండర్ నుంచి ఈ డబ్బాలు నింపుకునే నాజిళ్లు అమ్ముతున్నారు. కొనకండి. వంటగ్యాస్‌లో ప్రొపేన్ ఉంటుంది కనుక ఒత్తిడి ఎక్కువ. ఒకసారి వాడి పారేయడానికి చేసిన పల్చటి బ్యూటేన్ డబ్బా దాన్ని మోయలేదు. పదిమంది సొంత వ్యానులో వెళ్తుంటే పెట్రోలు బంకుల్లో దొరికే ఐదు కిలోల సిలిండరే నయం. దాన్ని నిలబెట్టి తాడుతో కట్టండి, పడుకోబెట్టొద్దు.

వెలిగించే ముందు మర దగ్గర, గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ రాయండి. బుడగలొస్తే గ్యాస్ కారుతున్నట్టే. డబ్బా బిగించే చోట చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. ఏడాదంతా అటక మీద పడి ఉంటే అది ఎండి పగులుతుంది. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, కారితే కిందికి దిగి గుంటల్లో, టెంటు అడుగున నిలుస్తుంది. అందుకని డబ్బా మార్చడం చలిమంటకి దూరంగా, ఆరుబయట చేయాలి.

ఇక రైలు ఎక్కేవాళ్లు. గ్యాస్ డబ్బా, సిలిండర్ ఏదీ తీసుకెళ్లకూడదు. 2023 ఆగస్టు 26న మదురైలో యాత్రికుల బోగీలో దాచి తెచ్చిన సిలిండర్‌తోనే మంటలు లేచి ప్రాణాలు పోయాయి. విమానంలో చేతిసంచిలోనే కాదు, లగేజీలో కూడా గ్యాస్ డబ్బా కుదరదు. లడఖ్ వెళ్లే మనవాళ్లు పొయ్యి మాత్రం పట్టుకెళ్లి, డబ్బాలు మనాలిలోనో లేహ్‌లోనో కొనుక్కోవాలి. లేహ్ ఎత్తు మూడున్నర వేల మీటర్లు. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకు మిగిలిపోతుంది. చిన్న కుక్కర్ పెట్టుకోండి.

ఎన్ని డబ్బాలు కావాలో డాబా మీదే తేల్చుకోవచ్చు. వంటింటి తూకం మీద డబ్బా తూచి, లీటరు నీళ్లు మరిగించి మళ్లీ తూచండి. గాలి లేకపోతే ఇంచుమించు పదిహేను గ్రాములు తగ్గుతుంది. కొండ మీద గాలికి, చలికి దానికి రెండింతలు వేసుకోండి. నలుగురికి రెండు పూటల టీ, ఒక పూట ఉప్మా అనుకుంటే 230 గ్రాముల డబ్బా ఒకటి సరిపోతుంది. నేనైతే రెండోది కూడా పట్టుకెళ్తాను.