ఇంగ్రెస్ కంట్రోలర్‌తో ఏపీఐ ట్రాఫిక్‌ను సరైన సర్వీసుకు పంపడం ఎలా?

కుబర్నెటీస్ (కంటైనర్లలో యాప్‌లను నడిపే వ్యవస్థ) క్లస్టర్‌లో పది సర్వీసులుంటే పదింటికీ పది లోడ్ బ్యాలెన్సర్లు పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. ఒక్కోదానికీ విడి ఐపీ అడ్రసు, విడి బిల్లు, విడి సర్టిఫికెట్ తగులుకుంటాయి. బయటినుంచి వచ్చే ఏపీఐ రిక్వెస్టులకు గుమ్మం ఒక్కటే ఉండాలి. అదే ఇంగ్రెస్ కంట్రోలర్, అంటే వచ్చిన అడ్రసు చూసి రిక్వెస్టును సరైన సర్వీసుకు పంపే ప్రాక్సీ.

కావలసినవి: నడుస్తున్న కుబర్నెటీస్ క్లస్టర్, క్యూబ్‌సీటీఎల్ (క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే టూల్), హెల్మ్ (క్లస్టర్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్), సొంత డొమైన్. చాలామంది అలవాటుగా ఇంగ్రెస్-ఎన్‌జిన్ఎక్స్ అనే కంట్రోలర్ వేసేస్తారు. ఆ ప్రాజెక్టును ఆపేస్తున్నట్టు 2025 నవంబర్‌లోనే ప్రకటించారు, నిర్వహణ గడువు 2026 మార్చి వరకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు హెచ్‌ఏప్రాక్సీ కంట్రోలర్ లాంటిది తీసుకోండి.

హెల్మ్‌తో ఇన్‌స్టాల్ చేసి, దానికి వచ్చిన ఐపీని డీఎన్ఎస్‌లో పెట్టండి. తర్వాత ఏ హోస్టు, ఏ పాత్ ఏ సర్వీసుకు వెళ్లాలో చెప్పే ఇంగ్రెస్ ఫైలు రాయండి. దాన్ని ఏ కంట్రోలర్ అమలు చేయాలో చెప్పే ఇంగ్రెస్‌క్లాస్‌నేమ్ తప్పకుండా ఇవ్వాలి. టీఎల్ఎస్ సీక్రెట్ (సర్టిఫికెట్, దాని కీ ఉండేది) ఆ ఇంగ్రెస్ ఉన్న నేమ్‌స్పేస్‌లోనే, అంటే క్లస్టర్‌లోని అదే విభాగంలోనే ఉండాలి. ఇంతవరకు ఎవరికైనా వచ్చేస్తుంది.

పాత్ దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఇక్కడ నిదానంగా చదవండి.

పాత్‌టైప్ ప్రిఫిక్స్ అంటే అక్షరాలు కలిస్తే చాలని అనుకుంటారు. కాదు. స్లాష్‌కీ స్లాష్‌కీ మధ్య ఉన్న ముక్క మొత్తంగా కలవాలి. /ఆర్డర్స్ అని ఇస్తే /ఆర్డర్స్/42 వస్తుంది, /ఆర్డర్స్-పాత రాదు. ఎగ్జాక్ట్ అయితే చివర ఒక్క స్లాష్ ఎక్కువైనా కుదరదు. ఒకే రిక్వెస్టుకు రెండు పాత్‌లు సరిపోతే పొడవైనదే గెలుస్తుంది.

అసలు ప్రమాదం రీరైట్‌తో, అంటే పాత్‌ను మార్చి లోపలికి పంపడంతో. సర్వీసుకు /ఆర్డర్స్ అనే ముక్క తెలియదు కాబట్టి దాన్ని కంట్రోలర్ దగ్గరే కత్తిరించి పంపుదామనుకుంటారు. ఇంగ్రెస్-ఎన్‌జిన్ఎక్స్‌లో రీరైట్-టార్గెట్‌కు ఒట్టి / పెడితే /ఆర్డర్స్/42 కూడా / గానే లోపలికి వెళ్తుంది, 42 పోతుంది. అందుకని పాత్‌ను /ఆర్డర్స్(/|$)(.*) అని, టార్గెట్‌ను /$2 అని రాస్తారు. పని జరుగుతుంది. కానీ ఆ క్షణం నుంచి ఆ హోస్టు కింద ఉన్న పాత్‌లన్నీ రెగెక్స్‌గా (అక్షరాల నమూనాగా) మారిపోతాయి, వేరే ఇంగ్రెస్ ఫైళ్లలో ఉన్నవి కూడా. ఎగ్జాక్ట్ ఎగ్జాక్ట్‌గా ఉండదు. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా కూడా పోతుంది. ఒకసారి నేను ఒక ఇంగ్రెస్‌కు రీరైట్ కలిపాక, ఎవరూ ముట్టుకోని ఇంకో సర్వీసులోకి తప్పు అడ్రసులన్నీ వెళ్లిపోవడం మొదలైంది. నిన్నటిదాకా వాటికి 404 వచ్చేది. కారణం కనిపెట్టేసరికి తెల్లవారింది.

కాబట్టి రీరైట్ వద్దు. బయట /ఆర్డర్స్ అయితే సర్వీసు లోపల కూడా /ఆర్డర్స్ అనే ఉండాలి. కోడ్‌లో బేస్ పాత్ మార్చడం చిన్న పని, అది చేయండి. దీనితో ఇంకో లాభం ఉంది. యానొటేషన్లు (రీరైట్-టార్గెట్ లాంటి అదనపు సెట్టింగులు) ఏ కంట్రోలర్‌వి దానికే చెల్లుతాయి. ఇంగ్రెస్ ఏపీఐకి ఇక కొత్త సదుపాయాలు చేర్చడం లేదు, అందరూ దాని తర్వాతి తరమైన గేట్‌వే ఏపీఐ వైపు వెళ్తున్నారు. మామూలు పాత్ నియమాలైతే అక్కడికి తేలిగ్గా మారతాయి. రెగెక్స్‌లు నింపుకున్నవాళ్లకు మాత్రం అప్పుడు తలనొప్పి తప్పదు.

డీఎన్ఎస్ మార్పు అందరికీ చేరకముందే కర్ల్‌లోని రిజాల్వ్ ఆప్షన్‌తో (డొమైన్‌కు ఐపీని మనమే చెప్పి) పరీక్షించండి. సరైన అడ్రసులు సరే, తప్పు అడ్రసులు కూడా కొట్టి చూడాలి. /ఆర్డర్స్-పాతకు 404 రాకపోతే ఎక్కడో రెగెక్స్ దూరిందన్నమాట. 502 వస్తే (హెచ్‌ఏప్రాక్సీలో ఇదే 503గా రావచ్చు) పోర్టు నంబరు చూడండి, యాప్ 127.0.0.1 మీద మాత్రమే వింటోందేమో కూడా చూడండి. 503 వస్తే చాలాసార్లు ఆ సర్వీసు వెనుక సిద్ధంగా ఉన్న పాడ్ (యాప్ నడిచే యూనిట్) ఒక్కటీ ఉండదు. కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేస్తూ కూర్చోకుండా ఎండ్‌పాయింట్‌స్లైస్ (సర్వీసు వెనుక ఉన్న పాడ్‌ల జాబితా) తెరిచి, సర్వీసు సెలెక్టర్, పాడ్ లేబుల్ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చండి.