ఆశయం నుంచి ఊరిదాకా, 4వ పాఠం: చట్టం వచ్చిన తేదీ, బతుకు మారిన తేదీ

మూడో పాఠానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్ల రద్దు సమాజాన్ని ఎలా మార్చిందో పది వాక్యాల్లో రాయమంటే, చాలామంది రెండో వాక్యంలోనే తేల్చేశారు: 1949 ఆగస్టు 15న జాగీర్లు పోయాయి, దున్నేవాడికి భూమి దక్కింది. మొదటి ముక్క నిజం. రెండోది ఆ చట్టంలో ఎక్కడా లేదు. అందుకే ఈసారి చెబుతానన్న ఫ్రెంచి విప్లవాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఈ ముడి విప్పకపోతే అక్కడా ఇదే చోట చిక్కుకుంటాం.

జాగీరు అంటే పొలం కాదు. కొన్ని ఊళ్ల శిస్తు వసూలు చేసుకోమని నిజాం ఇచ్చిన హక్కు. పెద్ద జాగీర్లకైతే సొంత పోలీసులు, కోర్టులు కూడా ఉండేవి. సైనిక గవర్నర్ జె.ఎన్. చౌదరి హయాంలో వచ్చిన రెగ్యులేషన్ ఆ హక్కును తీసేసి ఊళ్లను సర్కారు పాలనలో కలిపింది, జాగీర్దార్లకు పరిహారం కూడా దక్కింది. ఒకే రాష్ట్రంలో వంద చిన్న రాజ్యాలు లేకుండా పోవడం తక్కువ మార్పేం కాదు. కానీ కౌలుకు దున్నే మనిషి మర్నాడు కూడా అదే పొలంలో కౌలుదారే.

మీలో కొందరు విసునూరు దేశ్‌ముఖ్‌ను ఉదాహరణగా రాశారు. దేశ్‌ముఖ్‌లు జాగీర్దార్లు కారు, శిస్తు వసూలుదార్లుగా మొదలై సొంత భూములు పోగేసిన పెద్ద భూస్వాములు. వాళ్ల పేర పట్టా ఉన్న భూములను జాగీర్ల రద్దు ముట్టుకోనే లేదు. రద్దు తర్వాత కూడా తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా ఎందుకు సాగిందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. కౌలుదారు సంగతి పట్టించుకున్నది 1950 నాటి కౌలుదారీ చట్టం. అది కూడా ముందు రక్షణే ఇచ్చింది: ఏళ్ల తరబడి దున్నుతున్నవాణ్ని రక్షిత కౌలుదారుగా గుర్తించి, ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకూడదంది. యాజమాన్యం ఇచ్చే 38ఇ సెక్షన్ తర్వాత సవరణగా వచ్చి చేరింది, అదీ నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లోనే పనిచేసింది. తెలంగాణ పల్లెల్లో 38ఇ సర్టిఫికెట్ల తగాదాలు ఈనాటికీ కోర్టుల్లో ఉన్నాయంటే ఇదీ ఒక కారణం.

ఆశయానికీ చట్టానికీ తేడా మొదటి పాఠంలో చూశాం, మళ్లీ చెప్పను. ఈ పాఠంలో నేర్చుకునేది తేదీలు చదవడం.

నాకు బాగా చిరాకు తెప్పించే తప్పు ఇదే కాబట్టి కాస్త సాగదీసి చెబుతాను. ఏ సంస్కరణకైనా నాలుగు తేదీలుంటాయి. మాట బయటికి పొక్కిన తేదీ, చట్టం చేసిన తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ, ఎప్పటినుంచి జరిగిన బదిలీలను ఒప్పుకోరో ఆ తేదీ. పుస్తకాలు రెండోదే చెబుతాయి, పరీక్షల్లోనూ అదే అడుగుతారు. ఊరి బతుకును నిర్ణయించేది మొదటిదీ నాలుగోదీ.

ఆంధ్రప్రదేశ్ భూపరిమితి, అంటే సీలింగ్, చూడండి. సీలింగ్ పెట్టాలని కాంగ్రెస్ నాగపూర్‌లో తీర్మానం చేసింది 1959 జనవరిలో. 1961లో రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. భూమి రకాన్ని బట్టి పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. 324 ఎకరాలు ఉంచుకోనిచ్చే చట్టం ఎవరి గాదెనూ కదిలించదు. గట్టి చట్టం 1973లో వచ్చింది: అయిదుగురి కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. 1971 జనవరి 24 తర్వాతి బదిలీలు సీలింగ్ తప్పించుకోవడానికి చేసినవి కావని భూస్వామే రుజువు చేసుకోవాలంది. ఆ నిబంధన మంచిదే. కానీ 1959 నుంచి లెక్కేయండి, మధ్యలో పన్నెండేళ్లు. పంపకాల కాగితాలు రాసుకోవడానికీ, బావమరిది పేర, పాలేరు పేర పట్టాలు మార్చడానికీ పన్నెండేళ్లు చాలవా? చట్టం ఊరికి చేరేసరికి కాగితం మీద పెద్ద కమతాలు చాలావరకు చిన్నవైపోయాయి.

ఇప్పుడు జపాన్. యుద్ధంలో ఓడి అమెరికన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు, 1946 అక్టోబరులో అసలు చట్టం చేశారు. భూమి ఎవరిదన్న లెక్క మాత్రం 1945 నవంబరు 23 నాటిది. గ్యాప్ లేదు, పైగా గడియారం వెనక్కి తిప్పారు. ఊళ్లో లేని భూస్వామి కౌలుకిచ్చిన భూమి మొత్తం, ఊళ్లో ఉన్నవాడిదైతే సుమారు ఒక హెక్టారు మించిన కౌలు భూమి, ప్రభుత్వం కొనేసి దున్నేవాళ్లకు అమ్మింది. ప్రతి ఊరి కమిటీలో అయిదుగురు కౌలుదారులు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత సేద్యగాళ్లు. సాగుభూమిలో దాదాపు సగం ఉన్న కౌలు భూమి పదో వంతుకు పడిపోయింది.

ఏ పొలం ఎవరిది, దున్నేది ఎవరు అని తేల్చే ఆ కమిటీ పని మన దగ్గర ఎవరి చేతిలో ఉండేది? తెలంగాణలో ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ చేతిలో. ఆనాటి పహాణీ, అంటే ఏటా రాసే భూమి రికార్డు, తెరిస్తే పట్టాదారు పేరుకు ఒక గడి, పొలాన్ని నిజంగా దున్నుతున్న అనుభవదారు పేరుకు ఇంకో గడి. ఆ రెండో గడిలో పేరు పడకపోతే కౌలుదారు దగ్గర రుజువే ఉండేది కాదు. అది నింపే మనిషి తరతరాలుగా దొర గడీకి వెళ్లి వచ్చేవాడు. పటేల్, పట్వారీ పదవులను ప్రభుత్వం రద్దు చేసింది 1984లో, సీలింగ్ చట్టం అమలైన తొమ్మిదేళ్లకు.

చట్టం చేతికొస్తే నేను పీఠిక చదవను. ముందు నిర్వచనాలు, వెంటనే మినహాయింపులు. కేరళ చట్టాన్ని అలా చదివితే సంగతి వెంటనే బయటపడుతుంది. 1970 జనవరి 1న అక్కడ కౌలు వ్యవస్థ రద్దయింది. దేశంలో అంత గట్టిగా అమలైన రాష్ట్రాలు తక్కువ. కానీ సాగుదారు కింద లెక్కకొచ్చింది కౌలుదారే. నాగలి పట్టిన కూలీకి, అందులో ఎక్కువమంది దళితులు, దక్కింది గుడిసె ఉన్న జాగా, పల్లెలో అయితే పది సెంట్లు. టీ, రబ్బరు లాంటి తోటలకు సీలింగ్ నుంచి మినహాయింపు.

అభ్యాసం ఒకటే, నెల పడుతుంది. మీ ఊళ్లో ఒక సర్వే నంబరు తీసుకోండి. తెలంగాణవాళ్లయితే 1954-55 ఖాస్రా పహాణీ, ఆంధ్రావాళ్లయితే దొరికినంత పాత అడంగల్ (అక్కడి పహాణీ) నకలు తహసీల్దార్ ఆఫీసులో అడగండి. దాని పక్కన 1970 నాటిది, 1980 నాటిది పెట్టి ప్రతి పేరు మార్పుకూ ఎదురుగా నాలుగు తేదీల్లో ఏది దగ్గరో రాయండి. పేర్ల మధ్య చుట్టరికాలు ఊళ్లో పెద్దవాళ్లనే అడగాలి, రికార్డులో ఉండవు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న మాట జవాబులో ఎక్కడా రానివ్వకండి. నకలు దొరకనివాళ్లు ఏ ఆఫీసులో, ఏ కారణం చెప్పి లేదన్నారో రాసి పంపినా చాలు.