జర్నల్‌కి రిఫరెన్సులు రాయడం – 4వ భాగం: మన పేర్లు ఎటు తిప్పి రాయాలి?

పోయిన భాగంలో రిఫరెన్సుల్ని దాచి లిస్టు తయారుచేసిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని, డీఓఐ (ఒక్కో పేపర్‌కీ ఉండే గుర్తింపు నంబరు) కొట్టి ఒక్కో పేపర్‌నీ అందులోకి తెచ్చుకోవడం దాకా వచ్చాం. ఈసారి పేర్ల సంగతి. పేర్లకే ఒక భాగం ఎందుకంటారేమో, తిరుపతిలో నా దగ్గరికి మాన్యుస్క్రిప్ట్ పట్టుకొచ్చే స్కాలర్ల లిస్టుల్లో నేను ఎక్కువగా దిద్దేది కామాలూ చుక్కలూ కాదు, మనుషుల పేర్లే. అదీ మన తెలుగువాళ్ల పేర్లే.

మొన్న చిత్తూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తోతాపురి మామిడి గుజ్జులో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచి చక్కగా పేపర్ రాసింది. "అక్కా, ఏపీఏ స్టైల్ పెట్టేశాను, ఒక్కసారి చూసి చెప్తే రేపే పంపించేస్తా" అంది. ఏపీఏ అంటే రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటి. ఫాస్ఫరస్ అంటే దాన్ని రంగుతో కొలిచే ఫిస్కె–సుబ్బారావ్ పద్ధతి ఉండకుండా ఉండదు కదా, ముందు దాన్నే వెతికాను. "ఫిస్కె, సి. హెచ్., & ఎల్లాప్రగడ, ఎస్. (1925)" అని ఉంది. సీనియర్ థీసిస్‌లోంచి తీసుకుందట.

ఆ సీనియర్ ఎందుకలా రాసి ఉంటారో నాకు అర్థమైంది. రిఫరెన్స్‌లో ముందు ఇంటిపేరు రావాలని మనకు చెప్తారు, ఎల్లాప్రగడ ఇంటిపేరే, కాబట్టి దాన్ని ముందుకు తెచ్చారు. మన లెక్కలో అది సరైనదే. కానీ పేపర్ మొదటి పేజీ తెరిచి చూడండి, సైరస్ హెచ్. ఫిస్కె, ఎల్లాప్రగడ సుబ్బారావ్ అని అచ్చయింది, చివర ఉన్న ముక్క సుబ్బారావ్. వందేళ్లుగా ప్రపంచమంతా ఆయన్ని ఆ ముక్కతోనే వెతుకుతోంది. ఎల్లాప్రగడకి ఇంగ్లీషు స్పెల్లింగ్ 'వై'తో మొదలవుతుంది, అదే ఇనీషియల్. ఏపీఏలో అది ఇలా ఉండాలి: ఫిస్కె, సి. హెచ్., & సుబ్బారావ్, వై. (1925), ఆ తర్వాత పేపర్ పేరు 'ద కలరీమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్', ఇటాలిక్‌లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, ఇటాలిక్‌లోనే వాల్యూమ్ 66, మామూలు అక్షరాల్లో పేజీలు 375–400. అదే వాంకూవర్ స్టైల్ అడిగే మెడికల్ జర్నల్ అయితే పేరులో కామా, చుక్క రెండూ పోతాయి: ఫిస్కె సిహెచ్, సుబ్బారావ్ వై. స్టైల్ ఏదైనా ముందుకొచ్చే ముక్క మాత్రం అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో 'లాస్ట్ నేమ్' అని కనిపించే పెట్టె మన ఇంటిపేరు కాదు. ఆ పేపర్ అచ్చయినప్పుడు ఆ మనిషి ఏ ముక్కతో గుర్తింపు పొందారో, అది. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి. ఆర్. రావు గారి ఇంటిపేరు కల్యంపూడి అని మనకు తెలుసు, అయినా ఆయన 1945 పేపర్‌ని 'రావు, సి. ఆర్.' అనే రాయాలి. (ఆ పేపర్ వచ్చింది బులెటిన్ ఆఫ్ ద కలకత్తా మేథమేటికల్ సొసైటీలో. ఇప్పుడు కోల్‌కతా అయింది కదా అని జర్నల్ పేరు మార్చేవాళ్లను చూశాను, అలా చేయకండి, అచ్చయిన పేరే ఉంచండి.)

మరి ఇనీషియల్ చివర్లో ఉన్న పేర్లో? 'లక్ష్మి కె' అని అచ్చయితే డేటాబేస్ ఆ 'కె'నే లాస్ట్ నేమ్‌గా తీసుకుంటుంది, అప్పుడు మీ లిస్టులో 'కె, ఎల్.' అని వస్తుంది. అక్షర క్రమంలో ఉండే లిస్టు కాబట్టి ఆ ఎంట్రీ ఎల్ దగ్గర ఉండాల్సింది కె దగ్గరికి పోతుంది, చదివేవాడికి దొరకదు. ఒక్క అక్షరమే లాస్ట్ నేమ్‌గా కనిపించిందంటే తప్పు జరిగిందనే అనుకోండి. జొటెరోలో ఆ రచయిత వరుస మీద రైట్ క్లిక్ చేస్తే రెండు ముక్కల్నీ అటూ ఇటూ మార్చే ఆప్షన్ ఉంది. ఎటు తిప్పాలో తెలియకపోతే పేపర్ మొదటి పేజీలో 'హౌ టు సైట్' అనే వరుస ఉందేమో చూడండి, లేదంటే ఆ రచయిత ఆర్కిడ్ (ORCID, పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు) పేజీ చూడండి, అక్కడ తన పేరు తానే రాసుకుని ఉంటారు. ఊహించి మాత్రం తిప్పొద్దు.

మన దగ్గర ఇంకో చిక్కుంది: రెడ్లు, నాయుళ్లు, రావులు. ఒకే లిస్టులో ముగ్గురు వేరువేరు రెడ్లు మొదటి రచయితలుగా ఉంటే, సంవత్సరాలు వేరైనా సరే, ఏపీఏ ప్రకారం టెక్స్ట్‌లో ఇనీషియల్ కూడా రాయాలి, ఉత్తి రెడ్డి అంటే చాలదు. ఇది జొటెరో తనంతట తానే చేస్తుంది. అయితే అదే చోట ఒక ఇబ్బంది కూడా పెడుతుంది. ఒకే మనిషి ఒక పేపర్‌లో 'రావు, సి. ఆర్.' అనీ ఇంకోదాంట్లో 'రావు, సి. రాధాకృష్ణ' అనీ నమోదై ఉంటే, జొటెరో ఇద్దరు మనుషులనుకుని అవసరం లేని చోట కూడా ఇనీషియల్స్ తగిలిస్తుంది. టెక్స్ట్‌లో ఎక్కడైనా ఉన్నట్టుండి ఇనీషియల్ కనిపిస్తే వర్డ్‌లో చేత్తో చెరిపేయకండి, మళ్లీ రిఫ్రెష్ కొట్టగానే తిరిగొస్తుంది. జొటెరోలోకి వెళ్లి ఆ మనిషి పేరు రెండు చోట్లా ఒకేలా చేయండి.

నా మొదటి పేపర్ ఇలాంటి వాటికే వెనక్కి వచ్చింది. రివ్యూకి కూడా పోలేదు, రిఫరెన్సులు సరిచేసి మళ్లీ పంపమన్నారు. యూనివర్సిటీ దగ్గర ఒక జిరాక్స్ షాపులో గంటకింత అని కంప్యూటర్ తీసుకుని, రెండు రోజులు కూర్చుని ఒక్కోటీ మార్చాను. అప్పుడు చెప్పేవాళ్లు లేరు, అందుకే ఇప్పుడు ఇంత వివరంగా రాస్తున్నాను.

రచయితలు ఎంతమంది అన్నది త్వరగా చూసేద్దాం. ఏపీఏ ఏడో ఎడిషన్‌లో ఇద్దరుంటే ఎప్పుడూ ఇద్దరి పేర్లూ రాయాలి, బ్రాకెట్ లోపల & గుర్తు, వాక్యంలో అయితే 'అండ్'. ముగ్గురు, ఆపైన ఉంటే మొదటిసారి నుంచే మొదటి పేరు పెట్టి, మిగతావాళ్లకి బదులు 'ఎట్ ఆల్.' లిస్టులో మాత్రం ఇరవై మంది దాకా అందరినీ రాయాలి. ఆరో ఎడిషన్‌లో ఇది ఏడుగురే, అందుకే పాత థీసిస్‌లు చూసి రాస్తే తేడా వస్తుంది.

ఈ వారం పని: మీ లిస్టులో మనవాళ్ల పేర్లున్న పది ఎంట్రీలు తీయండి. ఒక్కోదానికీ అసలు పేపర్ మొదటి పేజీ తెరిచి, అక్కడున్న స్పెల్లింగ్ పక్కన మీది పెట్టి అక్షరం అక్షరం పోల్చండి, సుబ్బారావ్ పేరు చివర 'ఓడబ్ల్యూ' ఉంటుంది, 'ఏఓ' కాదు. ఫిస్కె–సుబ్బారావ్ పేపర్ కావాలంటే జర్నల్ వెబ్‌సైట్‌లో పాత సంచికలు ఉచితంగానే ఉన్నాయి, చదివే కోట్ చేయండి. చిత్తూరు అమ్మాయి లిస్టులో ఆ పూట మేమిద్దరం కలిసి పేర్లన్నీ చూసేసరికి చీకటి పడింది, పేపర్ రేపు కాదు, ఎల్లుండి పంపించింది. వచ్చే భాగంలో సెంటెన్స్ కేస్, అంటే పేపర్ పేరుని మామూలు వాక్యంలా పెద్ద, చిన్న అక్షరాల్లో రాయడం చూద్దాం, ఎర్రచందనం సైంటిఫిక్ పేరులో మొదటి అక్షరాన్ని సాఫ్ట్‌వేర్ చిన్నది చేసేస్తే ఏం చేయాలో అక్కడి నుంచి మొదలుపెడదాం.